అఖిల విశ్వ సంహార ప్రథమ సంచికా ప్రశస్తి

శ్రీమత్ సకల విశ్వ విధ్వంసన ధురంధరులు, పునఃప్రారంభ పరాయణులు, ఏకకథా బహుముఖచిత్ర విలాసులు, పాఠకజన జేబుభార నివారకులు అయిన మార్వెల్ కామిక్స్ వారు 2015 మే 6న లోకానికి అనుగ్రహించిన ‘సీక్రెట్ వార్స్’ మొదటి సంచికను, మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ మధ్య బతుకు వెళ్లదీసే నా వంటి అల్పజ్ఞుడు చదవగలగడం పూర్వజన్మ సుకృతం. రచన జోనథన్ హిక్‌మన్ గారు, చిత్రాలు ఎసాద్ రిబిచ్ గారు, వెల నాలుగు డాలర్ల తొంభై తొమ్మిది సెంట్లు. ఐదు డాలర్లనేస్తే కొనేవాడి గుండె ఎక్కడ ఆగుతుందోనని ఒక్క సెంటు తగ్గించిన ఆ సౌకుమార్యానికే ముందుగా నా నమస్కారం. విశ్వమంతటినీ తుడిచిపెట్టబోతూ కూడా ఒక పాఠకుడి ప్రాణం గురించి ఇంత ఆలోచించేవారు ఎక్కడుంటారు?

ఏ గ్రంథానికైనా అధికారి ఎవరో ముందు తేల్చాలని మన శాస్త్రకారులు నియమం పెట్టారు. ఆ నియమాన్ని ఈ రోజుల్లో ఇంత నిష్ఠగా పాటించే ప్రచురణ సంస్థను నేను చూడలేదు. మొదటి సంచిక అని అట్ట మీద వేసినంత మాత్రాన దీన్ని మొదట చదవాలనుకోవడం అవివేకం. దీనికి ముందు, 2012 డిసెంబరు మొదలుకొని, హిక్‌మన్ గారే రాసిన ‘అవెంజర్స్’ 44 సంచికలు, ‘న్యూ అవెంజర్స్’ 33 సంచికలు, వెరసి 77 సంచికలు పారాయణ చేసి, నడుమ ‘ఇన్ఫినిటీ’ అనే ఆరు సంచికల తీర్థంలో మునిగి లేచినవాడే ఈ గడప తొక్కడానికి అర్హుడు. అనర్హుల మీద కూడా వారికి కోపం లేదు. లోపలికి రానిస్తారు, కూర్చోబెడతారు, ఎవరు ఎవరో మాత్రం చెప్పరు.

మొదటి పుటల్లోనే డాక్టర్ డూమ్, డాక్టర్ స్ట్రేంజ్, మాలిక్యూల్ మ్యాన్ ముగ్గురూ సృష్టికి ఆవలి శక్తులైన బియాండర్ల ఎదుట నిలబడి ఉంటారు. ఎందుకు నిలబడ్డారో 77 సంచికల తపస్సు చేసినవారికి ఎరుక. మిగిలినవారికి వెలుగు కనిపిస్తుంది. అంత వెలుగు చూశాక ఇంకా అర్థం కూడా కావాలనడం అత్యాశ.

1947 జులైలో మద్రాసులో పుట్టిన మన చందమామ వారికి ఈ మర్యాద బొత్తిగా తెలియకపోయింది. బేతాళ కథను ఏ నెల, ఏ బస్టాండులో, ఎవరి చేతికి దొరికినా చదివేసుకునేలా, చెట్టూ శవమూ భుజమూ మౌనమూ నాలుగు వాక్యాల్లో ప్రతిసారీ విడమరచి చెప్పేవారు. శంకర్ గారి బొమ్మ ఒక్కటి చూస్తే చాలు, అక్షరం రాని పసివాడికి కూడా కథ ఎక్కడుందో తెలిసిపోయేది. అంత చౌకగా అర్థమైపోయే కథకు గౌరవం ఎక్కణ్నుంచి వస్తుంది? పట్టువదలని విక్రమార్కుణ్ని కథలో పెట్టి ఊరుకున్నారు చందమామ వారు. పాఠకుణ్నే విక్రమార్కుణ్ని చేశారు మార్వెల్ వారు.

ఇక ప్రళయ వైభవం. రెండు విశ్వాలే మిగిలాయి. ఒకటి 1961 నుంచి నడుస్తున్న అసలు మార్వెల్ విశ్వం, రెండోది 2000లో వెలసిన అల్టిమేట్ విశ్వం. ఆ రెండు విశ్వాల్లోని రెండు భూములు ఒకదాని మీద ఒకటి పడబోతున్నాయి. మన పౌరాణికులు ఇక్కడే కాలయాపన చేశారు. బ్రహ్మకు ఒక పగలు గడవడానికి 432 కోట్ల సంవత్సరాలు పట్టించి, ఆ తర్వాత గానీ ప్రళయం రానిచ్చేవారు కారు. మళ్లీ సృష్టి మొదలుకావాలంటే అంతే పొడుగున్న రాత్రి తెల్లవారాలి. కొనుగోలుదారుడు అన్నాళ్లు ఎదురుచూస్తాడా? మార్వెల్ వారి బ్రహ్మకు పగలు 54 ఏళ్లు, రాత్రి ఐదు నెలలు. మే నెలలో కన్నుమూసిన విశ్వం అక్టోబరులో కొత్త అట్టలతో, ఒకటో నంబరుతో, కిలకిల నవ్వుతూ కళ్లు తెరిచింది. ఎంఎంటీఎస్ రైలు మేడ్చల్ దాకా రావడానికి 2023 ఏప్రిల్ దాకా కాచుకున్న మా ప్రాంతీయులకు ఆ వేగం చూస్తే కళ్లు చెమర్చుతాయి.

సంచిక చివర ఒక శ్రద్ధాంజలి ఉంది. దాన్ని కొంచెం దగ్గరగా చూపించకుండా ముందుకు పోవడం నాకు చేతకాదు. అక్కడ బొమ్మ లేదు, మాట లేదు. మార్వెల్ విశ్వం, 1961 నుంచి 2015. అల్టిమేట్ విశ్వం, 2000 నుంచి 2015. సమాధి ఫలకాల మీద రాసినట్టు జనన మరణ సంవత్సరాలు, అంతే. సంతాపాన్ని ఇంత పొదుపుగా ప్రకటించడం మహానుభావులకే సాధ్యం. మనవైపు పెద్దలు పోతే పత్రికలో ఫొటో వేయించి, కొడుకులు కోడళ్లు అల్లుళ్లు మనవళ్ల పేర్లన్నీ అచ్చు వేయించి, దశదినకర్మ తేదీ, భోజనాల చోటు రాయిస్తాం. ఇక్కడ మరణించిన విశ్వానికి ఆ అగత్యం లేదు. అమెరికాలో కామిక్ దుకాణాలవారు నెలల ముందే సరుకు చెప్పి ఉంచాలి గనుక, రాబోయే సంచికల జాబితా అంతకంటే ముందే అచ్చవుతుంది. ఎవరు బతుకుతారో, ఎవరి కొత్త పత్రిక ఎప్పుడు మొదలవుతుందో, ఎవరు కొత్త దుస్తులు తొడుక్కుంటారో అందరికీ తెలుసు. శవం ఇంట్లో ఉండగానే పునర్జన్మ పత్రిక పంచిపెట్టే ఈ ముందుచూపు వల్ల పాఠకుడికి దుఃఖం అన్నది దరిచేరదు. ఏడిపించకుండా చంపడం ఎంత కష్టమో రాసేవారికి తెలుసు.

ఇంకో విశేషం మనవి చేయాలి. ఎనిమిది సంచికల్లో ముగుస్తుందని చెప్పిన ఈ యుద్ధాన్ని దయతో తొమ్మిది చేశారు. తొమ్మిదోది 2016 జనవరి 13న గానీ రాలేదు. యుద్ధం అయిపోయాక ఎనిమిది నెలలకు ఏం జరిగిందో చెప్పే ‘ఇన్విన్సిబుల్ ఐరన్ మ్యాన్’ ఒకటో సంచిక మాత్రం 2015 అక్టోబరు 7నే వచ్చేసింది. వ్రతకథ ఇంకా సగంలో ఉండగానే ఫలశ్రుతి చదివేసి ప్రసాదం పంచిపెట్టిన పురోహితుణ్ని మనం చూసి ఎరగం. ఎరగం గనుకే ఇన్నాళ్లూ సత్యనారాయణ వ్రతంలో చివరి అధ్యాయం దాకా కూర్చోవలసి వచ్చింది. ఈ సంప్రదాయం కొత్తదనుకుంటే పొరపాటు. 1984లో జిమ్ షూటర్ గారు రాయగా మైక్ జెక్ గారు ప్రధానంగా బొమ్మలు వేసిన మొదటి ‘సీక్రెట్ వార్స్’లోనూ వీరులు ఒక నెల మాయమై, మరునెలకే తమ తమ పత్రికల్లో క్షేమంగా ప్రత్యక్షమయ్యారు. మాయమైన చోట ఏం జరిగిందన్నది పన్నెండు నెలల పాటు తీరిగ్గా చెప్పారు. ఆ కావ్యానికి ప్రేరణ ఏ క్రౌంచ పక్షి శోకమో అనుకునేరు. మాటెల్ అనే ఆటబొమ్మల కంపెనీకి అమ్ముకోవడానికి ఒక కథ కావలసి వచ్చింది. ‘సీక్రెట్’ అన్నా ‘వార్స్’ అన్నా పిల్లలు చెవులు నిక్కబొడుచుకుంటారని వారు పరీక్షించి తేల్చారట, ఆ రెండు మాటలూ కలిపి పేరు పెట్టారు. వాల్మీకికి ఇలాంటి సలహాదారులు ఉండి ఉంటే రామాయణానికి ఇంకెంత మంచి పేరు కుదిరేదో!

ఇద్దరు వీరులు కలిస్తే ముందు కొట్టుకోవాలి, తర్వాత కౌగిలించుకోవాలి అన్నది మనకూ తెలిసిన ధర్మమే. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి ‘గయోపాఖ్యానం’ నాటకం ఊరూరా ఆడింది అందుకే. కె.వి.రెడ్డి గారు 1963లో ఎన్.టి.రామారావు గారిని, నాగేశ్వరరావు గారిని ‘శ్రీకృష్ణార్జున యుద్ధము’లో ఎదురెదురుగా నిలబెట్టిందీ అందుకే. కానీ అందులో కారణాలు ఎంత ప్రాకృతంగా ఉంటాయో చూడండి. ఆకాశంలో పోయే గయుడు తాంబూలం ఉమ్మడం ఏమిటి, అది అర్ఘ్యమిస్తున్న కృష్ణుడి దోసిట్లో పడటం ఏమిటి, చంపుతానని ఆయన ప్రతిజ్ఞ చేయడం ఏమిటి, ఎవరికి భయపడుతున్నాడో చెప్పకుండా వాడు అర్జునుడి శరణు పొందడం ఏమిటి! పైగా అన్నకూ మగడికీ నడుమ సుభద్ర నలిగిపోతుంటే చూసేవాళ్ల కడుపు తరుక్కుపోయేది. ఒక ఉమ్మితో మొదలైన తగవులో ప్రతి ఒక్కరూ తమ మాట మీద నిలబడేవారే గనుక ఎవరి పక్షం వహించాలో తెలియక ప్రేక్షకుడు అనవసరంగా నలిగేవాడు.

ఆ బాధ మనకు లేకుండా చేశారు హిక్‌మన్ గారు. ఈ సంచికకు సరిగ్గా ముందు వచ్చిన ‘అవెంజర్స్’ 44లో, నెత్తిన మరో భూమి దిగుతుండగా, కెప్టెన్ అమెరికా, ఐరన్ మ్యాన్ ఇద్దరూ లోకాన్ని రక్షించే పని పక్కనబెట్టి కవచాలు పగిలేలా కొట్టుకుంటారు. భూమి ఉంటుందా పోతుందా అన్న చిల్లర విషయాల కంటే, రెండేళ్ల కిందట నా జ్ఞాపకం ఎందుకు చెరిపేశావన్న కెప్టెన్ నిలదీత ముఖ్యమని గ్రహించడమే వీరలక్షణం. సినిమాలో తగవు తీర్చడానికి సాక్షాత్తు శివుడే దిగి రావలసి వచ్చింది. ఇక్కడ పైనుంచి హెలిక్యారియర్ అనే ఎగిరే యుద్ధనౌక దిగి వచ్చింది. పని అయిపోయింది.

మేడ్చల్, శామీర్‌పేట వాసుల పట్ల ఈ కావ్యకర్తలు చూపిన దాక్షిణ్యాన్ని ఇప్పుడైనా చెప్పకపోతే కృతఘ్నత. విశ్వాలు ఎన్ని ఉన్నా, భూములు ఎన్ని ఢీకొన్నా, చూడదగ్గ ప్రళయం న్యూయార్కులోనే జరుగుతుంది. కాలేది ఆ మేడలే, కూలేది ఆ వంతెనలే, పరుగెత్తేది ఆ జనమే. ఆకాశం నిండా మరో భూమి వేలాడుతున్న ఆ గడియలో మా శామీర్‌పేట చెరువు కట్ట మీద నిలబడి తలెత్తి ఉంటే, నడినెత్తిన ఇంకో శామీర్‌పేట చెరువు తలకిందులుగా మెరుస్తూ కనిపించి ఉండాలి. దాని నీళ్లు దీంట్లో పడి కట్ట తెగితే కింది పొలాల గతేమిటని మేం కంగారు పడి ఉండేవాళ్లం. మేడ్చల్ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీదికి మరో 44వ నంబరు రహదారి దిగుతుంటే, ఔటర్ రింగు రోడ్డు మీద మరో ఔటర్ రింగు రోడ్డు ఒరిగితే, టోలు ఏ భూమి గేటు దగ్గర కట్టాలో తెలియక బండ్లు బారులు తీరి ఉండేవి. ఇలాంటి సంకటాలేవీ ఒక్క గడిలోనైనా బొమ్మ వేయకుండా మా మనశ్శాంతిని కాపాడారు. మేం చచ్చిపోయిన సంగతి మాకే తెలియనివ్వలేదు!

తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీలో లోకమంతటికీ టీకాలు తయారుచేసి పంపే శాస్త్రవేత్తలు ఉన్నారు కదా, భూమిని కాపాడటానికి కథలో రహస్యంగా సమావేశమయ్యే మేధావుల మండలిలో వారికొక కుర్చీ వేయకూడదా అని కొందరు అమాయకులు అడగవచ్చు. పని చేసుకునేవారిని మధ్యలో లేపడం సంస్కారం కాదని మార్వెల్ వారి ఉద్దేశం. మన దేశాన్ని వారు పూర్తిగా మరిచిపోయారనడం కూడా అపచారమే. 2004లో మనకంటూ ఒక స్పైడర్‌మ్యాన్‌ను ప్రసాదించి, ధోవతి కట్టించి, ముంబైలో గోడలెక్కించి, నాలుగు సంచికల్లో ఆయన మొదటి అవతారాన్ని సమాప్తం చేశారు. వంద కోట్ల జనాభాకు నాలుగు సంచికలు. తలా ఒక అక్షరం కూడా రాదని లెక్కలు కట్టేవారు కట్టనీ.

అన్నిటికంటే మా ప్రాంతంవారిని ముగ్ధుల్ని చేసింది ఆ ఇతివృత్తమే. ఒకే చోటికి రెండు భూములు! ఒకే సర్వే నంబరు ప్లాటు ఇద్దరికి రిజిస్టరైన వ్యవహారాలు చూసి పండిపోయినవాళ్లం మేం. అలాంటి చిక్కు వస్తే లింకు డాక్యుమెంట్లు తీయించాలి, ఈసీ తెప్పించాలి, హద్దురాళ్లు పీకినవాడి మీద స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వాలి, ప్రీకాస్ట్ గోడ రాత్రికి రాత్రి లేస్తే పొద్దున వెళ్లి కూలగొట్టించాలి, స్టే తెచ్చుకోవాలి, ఆ స్టే కొట్టేయించడానికి అవతలివాడు ఇంకో వకీలును పెట్టుకోవాలి. తండ్రి వేసిన దావా కొడుకు ముసలివాడయ్యాక తేలుతుంది. శామీర్‌పేటలో నల్సార్ లాంటి న్యాయ విశ్వవిద్యాలయం ఉంది గనుక మాకు ఇదంతా సహజం అనిపిస్తుంది. మార్వెల్ వారు అదే దావాను ఒక్క సంచికలో కొట్టేశారు. వాదీ లేడు, ప్రతివాదీ లేడు, ప్లాటూ లేదు. ఇంత సత్వర న్యాయం ఏ ధర్మాసనమైనా చేయగలదా?

ఇక ప్రళయం నుంచి కొందరినైనా తప్పించడానికి రీడ్ రిచర్డ్స్ గారు సిద్ధం చేసిన ఓడ సంగతి. మత్స్యావతారంలో సత్యవ్రతుడి నావ ఉంది చూడండి, అందులో సప్తర్షులనీ ఓషధులనీ సమస్త బీజాలనీ ఎక్కించారు. మళ్లీ లోకం మొలవాలంటే గింజలు కావాలన్న పల్లెటూరి బుద్ధి అది. మహామేధావి అయిన రీడ్ గారు అలాంటి బరువులు పెట్టుకోలేదు. వీరులను, వారి బంధువులను, ముఖ్యంగా సొంత పత్రిక నడుస్తున్నవారిని ఎంచి ఎక్కించారు. ఓడ గోడ చీలి, భార్య స్యూ, పిల్లలు ఉన్న భాగం తెగి ఆయన కళ్లెదుటే శూన్యంలోకి జారిపోయినప్పుడు, అక్కడ రిబిచ్ గారి బొమ్మలో నోరు తెరుచుకున్న ఆ ముఖం చూస్తే రాయి కూడా కరుగుతుంది. ఆ రాయి మళ్లీ గట్టిపడటానికి కూడా ఎక్కువ వ్యవధి పట్టకుండా, తర్వాతి సంచికల్లోనే స్యూ గారు డాక్టర్ డూమ్ పట్టపురాణిగా, పిల్లలు ఆయన పిల్లలుగా క్షేమంగా కొలువుదీరి కనిపిస్తారు. పాఠకుడి కన్నీటికి ఎంత విలువ ఇచ్చారంటే, దాన్ని వృథాగా కారనివ్వలేదు.

ఆ హడావిడిలోనే ఒక చక్కని దృశ్యం. ఎలాగూ ప్రళయమే కదా అని కింగ్‌పిన్ దుష్టులందరినీ విందుకు పిలిచి కూర్చోబెడితే, పనిషర్ తుపాకులు పట్టుకుని గుమ్మంలో ప్రత్యక్షమవుతాడు. పోతూ పోతూ తూటాలు వెంట కట్టుకుపోలేం కదా అన్న వైరాగ్యం ఆయనది. కాసేపట్లో విశ్వంతో పాటు వాళ్లూ పోతారు, తనూ పోతాడు. అయినా ఆ కాసేపు కూడా వాళ్లను ఊరికే ఉంచకూడదు. ఫలితం ఆశించకుండా కర్మ చేయమన్న గీతావాక్యాన్ని ఇంత సూటిగా అర్థం చేసుకున్నవాడు కురుక్షేత్రంలోనూ లేడు. నిజానికి సంచిక మొత్తంలో నాకు బాగా అర్థమైన పుటలు ఇవే. అందుకే కాబోలు, వీటిని త్వరగా ముగించేశారు.

ఈ ప్రారంభం ఎలాంటి పరిష్కారానికి దారితీసిందో చెబితే హిక్‌మన్ గారి పౌరాణిక దృష్టి బోధపడుతుంది. అల్టిమేట్ విశ్వం సమూలంగా నశించింది. అందులో పుట్టిన మైల్స్ మొరాలెస్ అనే కుర్రవాడు మాత్రం ఒక ఓడలో దాగి బతికిపోయాడు. సర్వశక్తిమంతుడైన మాలిక్యూల్ మ్యాన్‌కు ఆకలేస్తే, ఈ కుర్రాడు జేబులోంచి వారాల తరబడి నిలవున్న హాంబర్గర్ తీసి ఇచ్చాడు. దానికి ప్రతిఫలంగా అతనికి కొత్త విశ్వంలో చోటు, చనిపోయిన తల్లి ప్రాణాలతో సహా, దక్కింది. కుచేలుడి అటుకులు గుప్పెడే అయినా వాటి వెనక గురుకులంలో కట్టెలు మోసిన స్నేహం ఉండేది, భార్య మాట ఉండేది, అడగలేక తలవంచుకున్న సిగ్గు ఉండేది. అవన్నీ మోయడం పాఠకుడికి భారమని వదిలేసి, పాచిపోయిన రొట్టెను మాత్రం ఉంచుకున్నారు.

విశ్వం పుట్టాక పత్రికలన్నీ మళ్లీ ఒకటో నంబరు నుంచి మొదలయ్యాయి. 2016 అక్టోబరు 11న మా మేడ్చల్ జిల్లా మరో ఇరవై కొత్త జిల్లాలతో కలిసి పుట్టినప్పుడు, ఆఫీసుల బోర్డులు మారాయి, చిరునామాలు మారాయి, కలెక్టరు కచేరి ఎక్కడికి పోవాలో కొన్నాళ్లు తెలియలేదు. కానీ ఊళ్లలో ముసలివాళ్ల వయసు ఒకటి నుంచి మొదలుపెట్టాలని ఏ అధికారికీ తోచలేదు. పాలనలో మనం వెనకబడటానికి కారణాలు ఇలాంటివే.

తొమ్మిదో సంచికతో యుద్ధం ముగిసింది 2016 జనవరి మధ్యలో అని చెప్పాను కదా. పాఠకులు ఎక్కువ కాలం ప్రశాంతంగా ఉంటే ఆరోగ్యానికి మంచిది కాదని గ్రహించి, జూన్ 1న ‘సివిల్ వార్ 2’ మొదటి సంచికను వదిలారు. అందులో వార్ మెషిన్ గారు వీరమరణం పొందారు. ఆయన మీద నాకు ఎంతో గౌరవం, 2018లో లేచి వచ్చాక అది ఇంకా పెరిగింది. ఆ తర్వాత ఎన్ని ప్రళయాలు వచ్చాయో, ఎన్ని ఒకటో నంబర్లు వచ్చాయో కీర్తించడానికి వేయి నోళ్ల ఆదిశేషుడికే తీరిక చాలదు. రాబోయే దాని మొదటి సంచిక కూడా అరుదైన అట్టలతో వస్తుందట, ముందుగా చెప్పి ఉంచుకున్నవారికే దొరుకుతుందట.

చెప్పి ఉంచాను.